కార్టూన్ డబ్బింగ్ వృత్తి: ఉత్తరాంధ్ర నుంచి చూస్తే

బొమ్మల చిత్రాల్లోని పాత్రలకు గొంతునిచ్చి మాట్లాడించే పనిని కార్టూన్ డబ్బింగ్ అంటారు. తెలుగులో ఈ వృత్తి చాలావరకు అనువాద వృత్తే. ఇంగ్లిషులోనో, జపనీసులోనో, హిందీలోనో తయారైన కార్టూన్‌ను తెలుగు పిల్లలకు వినిపించడమే ఇందులో ప్రధానమైన పని. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్లకు పైనే. వినే చెవులకు కొరత లేదు. అయినా ఈ పని మీదే ఇల్లు గడుపుకునేవాళ్లు తెలుగునాట చాలా తక్కువ.

విజయనగరం నుంచి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, నెల్లిమర్ల మండలంలో ఉన్న రామతీర్థం నుంచి చూస్తే ఇందులో ఒక విచిత్రం కనిపిస్తుంది. ఉత్తరాంధ్ర భద్రాద్రి అని పేరుపడ్డ ఆలయం, కొండల మీద బౌద్ధ, జైన శిథిలాలు ఈ ఊరి ప్రసిద్ధి. డబ్బింగ్ థియేటర్ ఇక్కడ లేదు, ఉండాలని ఎవరూ అనుకోరు కూడా. కానీ తెలుగు డబ్బింగుకు పునాదులు వేసిన వాళ్లలో కొందరు ముఖ్యులు ఈ చుట్టుపక్కల నేల మీద పుట్టినవాళ్లే. పరిశ్రమ ముందు మద్రాసులో, తర్వాత హైదరాబాదులో స్థిరపడింది.

తోవ వేసినవాళ్లు

తెలుగులోకి డబ్ అయిన తొలి చిత్రంగా చెప్పుకునే ‘ఆహుతి’ 1950లో వచ్చింది. హిందీ చిత్రానికి తెలుగు మాటలు, పాటలు రాసింది విశాఖపట్నం వాడైన శ్రీశ్రీ. తెర మీద పెదవి ఎప్పుడు మూసుకుంటుందో చూసి దానికి సరిపోయే తెలుగు అక్షరాన్ని వెతకడం అప్పటికి ఎవరికీ అలవాటు లేని విద్య. మహాకవి ఆ పనికి ఒప్పుకున్నాడంటే కూటి కోసమే అని తేల్చేసేవాళ్లు ఉన్నారు. కావచ్చు. కానీ కొలత తప్పకుండా మాట పొదగడం ఛందస్సు తెలిసినవాడికి కొత్త కాదు.

ఆయన వెనకాలే విజయనగరంలో పుట్టిన రాజశ్రీ (1934–1994) వచ్చారు. అసలు పేరు ఇందుకూరి రామకృష్ణంరాజు. ‘నాయకుడు’, ‘ఘర్షణ’, ‘రోజా’ వంటి తమిళ అనువాద చిత్రాల పాటలు తెలుగువాళ్ల సొంత పాటలైపోయాయంటే ఆ ఘనతలో పెద్ద వాటా ఆయనదే.

గొంతుల సంగతికొస్తే, విజయనగరం ప్రాంతానికే చెందిన పి.జె.శర్మను ముందు చెప్పుకోవాలి. నటుడిగా కంటే గొంతుగానే ఎక్కువ సినిమాల్లో ఉన్న మనిషి. 2014 డిసెంబరులో హైదరాబాదులో కన్నుమూశారు. ఆయన ముగ్గురు కొడుకులూ ఇదే దారి పట్టారు. పెద్దవాడు సాయికుమార్ గొంతు లేని హీరో రాజశేఖర్‌ను ఒక తరం ప్రేక్షకులు ఊహించుకోలేరు. రవిశంకర్ ‘అరుంధతి’లో సోనూ సూద్‌కు చెప్పిన డబ్బింగుతో బొమ్మాళి రవిశంకర్‌గా స్థిరపడ్డారు. మూడోవాడు అయ్యప్ప పి.శర్మ. 2019లో ‘లయన్ కింగ్’ తెలుగులోకి వచ్చినప్పుడు సింహరాజు ముఫాసాకు గొంతు రవిశంకర్‌ది. 2024లో ‘ముఫాసా’ వచ్చినప్పుడు తెల్ల సింహం కీరోస్‌కు గొంతు అయ్యప్పది. విజయనగరం ఇంటి గొంతు రెండుసార్లు ఆఫ్రికా అడవిలో గర్జించిందన్న సంగతి మన పత్రికల్లో పతాక శీర్షిక కాలేదు.

మరో బంధం సంగీతానిది. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. దాని తొలి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఘంటసాల అక్కడే చదువుకున్నారు. ఆయన కొడుకు రత్నకుమార్ పాట వదిలి డబ్బింగు పట్టుకుని వెయ్యికి పైగా చిత్రాలకు గొంతిచ్చి, 2021లో చనిపోయారు. నారాయణదాసు పేరు ఇక్కడ మర్యాద కోసం తేలేదు. ఒక్కడే నిలబడి రాముడిగా, కైకగా, మంథరగా, గుహుడిగా గొంతు మార్చుకుంటూ గంటల తరబడి సభను కూర్చోబెట్టడం హరికథకుడి విద్య. ఒక ఎపిసోడ్‌లో మూడు నాలుగు పాత్రలకు తనే గొంతునిచ్చే డబ్బింగ్ కళాకారుడు చేసేదీ అదే. తోలుబొమ్మలాట ఇంకా దగ్గరి చుట్టం. కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క తెర వెనక నుంచి ముక్కుతో, కీచుగా, బొంగురుగా మాట్లాడుతుంటే పిల్లలు పడిపడి నవ్వేవాళ్లు. తెలుగువాళ్ల మొదటి కార్టూన్ గొంతులు అవే అనడంలో అతిశయోక్తి లేదు.

బొమ్మ పెదవి, తెలుగు మాట

అమెరికాలో సాధారణంగా ముందు గొంతులు రికార్డు చేసి, వాటిని బట్టి బొమ్మ పెదవులు గీస్తారు. జపాన్‌లో ఎక్కువగా బొమ్మ కదిలాకే మాట చెప్తారు. డబ్బింగ్ కళాకారుడికి ఈ రెండు సౌకర్యాలూ లేవు. బొమ్మా అయిపోయింది, ఇంకో భాషలో మాటా అయిపోయింది. మిగిలిన సందులో తెలుగు దూరాలి.

తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. ఇంగ్లిషు మాట తరచూ హల్లుతో ఠపీమని ఆగిపోతుంది. బొమ్మ నోరు మూసేసిన తర్వాత కూడా తెలుగు గొంతు ఒక క్షణం సాగుతూ ఉంటుంది. ప, బ, మ దగ్గర పెదవులు కలవాలి. బొమ్మ పెదవులు కలిసినచోట ఆ అక్షరం పడకపోతే పిల్లలకు కారణం తెలియదు గానీ ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది. క్రియ చివర రావడం ఇంకో చిక్కు. దొంగతనంగా లడ్డూ తిన్న పాత్ర ముందు తల అడ్డంగా ఊపి, తర్వాత మాట్లాడుతుంది. ‘నేను తినలేదు’ అంటే ఆ ‘లేదు’ పలికేసరికి తల ఊపడం అయిపోతుంది. అందుకని రచయిత ‘లేదు లేదు, నేను కాదు’ అని తిరగరాస్తాడు. రచయిత చెయ్యకపోతే మైకు ముందున్న మనిషి అప్పటికప్పుడు చేసుకోవాలి. గొంతు బాగున్నవాళ్లు ఓడిపోయేదీ, మామూలు గొంతువాళ్లు నిలబడేదీ చాలాసార్లు ఇక్కడే.

సంగీతం, చప్పుళ్లు ఒక ట్రాక్‌గా వస్తాయి. మాటల ట్రాక్ ఒక్కటే మార్చాలి. వినడానికి తేలికే. కానీ నవ్వు, ఏడుపు, రొప్పు, తుమ్ము, కొండ మీద నుంచి పడుతూ పెట్టే కేక అన్నీ మాటల ట్రాక్‌లోనే ఉంటాయి గనక అవన్నీ మళ్లీ కొత్తగా చెయ్యాలి. కార్టూన్‌లో మాటల కంటే ఈ అరుపులే ఎక్కువ.

మద్రాసు రోజుల్లో ఫిల్మును ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్కను లూప్‌గా తిప్పుతూ కళాకారులందర్నీ ఒకే మైకు చుట్టూ నిలబెట్టేవాళ్లు. ఒకరు తప్పితే అందరూ మళ్లీ చెప్పాలి. అందువల్ల కొత్తవాడు పెద్దల పక్కన నిలబడి పని నేర్చుకునేవాడు. కంప్యూటర్ వచ్చాక ఎవరి ట్రాక్ వాళ్లు ఒంటరిగా చెప్పి వెళ్లిపోవచ్చు. ఎదుటి పాత్ర ఏమంటుందో కూడా వినకుండానే పోట్లాడాల్సి రావచ్చు. ఖర్చు తగ్గింది, గురువు పోయాడు.

చిన్నపిల్లాడి గొంతు

మగవారి స్వరతంతువులు మామూలుగా మాట్లాడేటప్పుడు సెకనుకు 100 నుంచి 120 సార్ల వరకు, ఆడవారివి సుమారు 200 సార్లు, చిన్నపిల్లలవి దాదాపు 300 సార్లు కంపిస్తాయి. అందుకే పదేళ్ల అబ్బాయి పాత్రకు ఆడవాళ్ల గొంతు అతుకుతుంది. జపాన్‌లో నొబుయో ఒయామా 1979 నుంచి 2005 దాకా డోరేమాన్‌కు గొంతైంది. హిందీ డోరేమాన్‌కు సోనల్ కౌశల్ గొంతిచ్చారు. మనదగ్గరా పిల్లల పాత్రల్లో ఎక్కువ భాగం ఆడవాళ్లవే. సినిమాలో కథానాయికల గొంతులతో పేరు పొందిన సరిత, రోజారమణి, సునీత లాంటి వాళ్ల పేర్లు ప్రేక్షకులకు తెలుసు. బుజ్జి కోతికి గొంతిచ్చిన ఆమె పేరు ఎవరికీ తెలియదు.

పిల్లల చేతే చెప్పించవచ్చు కదా అనిపిస్తుంది. చెప్పించిన సంప్రదాయం మనకుంది. బరంపురంలో పుట్టిన న్యాయపతి రాఘవరావు, ఆయన భార్య కామేశ్వరి రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా మద్రాసు రేడియోలో పిల్లల గొంతులను వినిపించి, 1940లో బాలానంద సంఘం పెట్టారు. కార్టూన్‌కు వచ్చేసరికి చిక్కులు వేరు. అబ్బాయి గొంతు రెండు మూడేళ్లలో మారిపోతుంది, ధారావాహిక మాత్రం ఇంకా నడుస్తూనే ఉంటుంది. చట్టమూ ఉంది. 14 ఏళ్లలోపు పిల్లలు దృశ్య శ్రవణ వినోదంలో పనిచెయ్యాలంటే 2017 నిబంధనల ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు అనుమతి కావాలి, రోజుకు 5 గంటలు మించకూడదు, సంపాదనలో కనీసం 20 శాతం ఆ పిల్లల పేరిట బ్యాంకులో వెయ్యాలి. మంచి నిబంధనలే. తల్లిదండ్రులకే వీటి సంగతి తెలియాలి.

పెద్దవాళ్లు పిల్లల గొంతుతో మాట్లాడటం శరీరానికి పడే పని కాదు. గంటలకొద్దీ పైస్థాయిలో అరిస్తే స్వరతంతువుల మీద కాయలు కాస్తాయి. పాడేవాళ్లకూ, బడిపంతుళ్లకూ వచ్చే జబ్బే ఇది. నీళ్లు తాగడం, అరుపుల సన్నివేశాలను రోజు చివరికి పెట్టించుకోవడం, గొంతు బొంగురుపోయినప్పుడు గుసగుసలాడకుండా పూర్తిగా మౌనంగా ఉండటం తెలిసినవాళ్లు పాటించే జాగ్రత్తలు. గొంతు పోయిన వారం కూలీ కూడా పోతుంది.

యాస గొడవ

గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలోనే మొదటిసారి ప్రదర్శించారు. మనుషులు మాట్లాడుకునే తెలుగు రంగస్థలం మీద పలికిన చోటు ఇది. అలాంటి చోటి యాసకు డబ్బింగులో దక్కిన స్థానం ఏమిటంటే, బంట్రోతు, వంటవాడు, తెలివితక్కువ దొంగ. ‘ఏటి’, ‘నేదు’, ‘ఓలమ్మో’, ‘ఎల్లొస్తాను’ అంటే నవ్వులాటకే. రాజకుమారుడూ, శాస్త్రవేత్తా, దేవుడూ కృష్ణా గుంటూరు పలుకుబడిలో మాట్లాడతారు. తెలంగాణ యాసకూ చాలాకాలం ఇదే గతి పట్టింది, అక్కడివాళ్లు గట్టిగా అడిగాక కథానాయకుడు కూడా ఆ యాసలో మాట్లాడుతున్నాడు. ఉత్తరాంధ్ర యాస విషయంలో అలా అడిగినవాళ్లు తక్కువ.

రామతీర్థం నుంచి వెళ్లిన అబ్బాయి ఆడిషన్‌లో మొదట చెయ్యాల్సింది తన గొంతును దాచుకోవడం. శ, ష, స తేడా, ళ, ణ స్పష్టత, వత్తులు చూస్తారు. అవి నేర్చుకోవచ్చు, నేర్చుకోవాలి కూడా. వాక్యం చివర ఎక్కే రాగాన్ని దించుకోవడం అంత తేలిక కాదు. దించుకున్నాక, హాస్య పాత్ర వచ్చినప్పుడు ‘మీ ఊరి భాష కొట్టు’ అంటారు. ఈ రెండూ చెయ్యగలిగినవాడికి పాత్రలు ఎక్కువ దొరుకుతాయన్నది నిజమే. కానీ తెలివైన కుందేలు ఉత్తరాంధ్ర తెలుగు మాట్లాడకూడదనే నియమం ఎవరు పెట్టారో అడగాల్సిన ప్రశ్న.

ఛానళ్లు, తారలు

తెలుగు కార్టూన్ డబ్బింగుకు నిలకడ తెచ్చింది ఉపగ్రహ ఛానళ్లు. డిస్నీ ఛానల్ 2004 డిసెంబరులో భారతదేశంలోకి వచ్చినప్పుడే తెలుగు ట్రాక్‌తో వచ్చింది. 2009లో సన్ సంస్థ తెలుగు పిల్లల కోసమే ఖుషీ టీవీ పెట్టింది. 2021లో ఈటీవీ బాల భారత్ తెలుగుతో కలిపి 12 భాషల్లో మొదలైంది. తెలుగులోనే పుట్టిన పూర్తి నిడివి యానిమేషన్ చిత్రం ‘కిట్టు’కు 2006 జాతీయ పురస్కారాల్లో ఉత్తమ యానిమేషన్ చిత్రం అవార్డు దక్కింది, కానీ ఆ దారిలో వరసగా చిత్రాలు రాలేదు. హైదరాబాదులో రాజీవ్ చిలక 2001లో స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ నుంచి వచ్చిన ఛోటా భీమ్ 2008లో పోగోలో మొదలైంది. తెలుగు రాజధానిలో పుట్టిన భీముడు తెలుగు మాట్లాడాలంటే డబ్బింగ్ థియేటర్‌కు వెళ్లాల్సి వచ్చింది. ఛానళ్లు దేశమంతటి లెక్క వేసుకుంటాయి, ఆ లెక్కలో హిందీ ముందు, తెలుగు తర్వాత. ప్రసార హక్కులు ఒక ఛానల్ నుంచి ఇంకో ఛానల్‌కు మారితే గొంతులు కూడా మారిపోవచ్చు. ఒయామాకు దొరికిన 26 ఏళ్ల కొలువు ఇక్కడ ఊహకందదు.

పెద్దతెర మీద వేరే కథ. హాలీవుడ్‌లో 1992 ‘అలాదీన్’లో రాబిన్ విలియమ్స్ జీనీ అయినప్పటి నుంచి తారలను పెట్టి కార్టూన్ అమ్మడం అలవాటైంది. తెలుగులో 2019 ఒక్క ఏడాదిలోనే ఈ పద్ధతి స్థిరపడిపోయింది. మనుషులతో మళ్లీ తీసిన ‘అలాదీన్’లో జీనీకి వెంకటేశ్, అలాదీన్‌కు వరుణ్ తేజ్, ‘లయన్ కింగ్’లో సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, పుంబా టిమోన్‌లకు బ్రహ్మానందం, అలీ, ‘ఫ్రోజెన్ 2’లో ఎల్సాకు నిత్యామేనన్. 2024 ‘ముఫాసా’ వచ్చేసరికి ముఫాసా గొంతు మహేశ్‌బాబుది. అయిదేళ్ల కిందట వృత్తి కళాకారుడు చెప్పిన పాత్ర అగ్రతార చేతికి వెళ్లింది. యువ ముఫాసాకు యువ గొంతు కావాలన్నది ఒక సమర్థన, పోస్టర్ మీద పేరు కావాలన్నది అసలు కారణం. బ్రహ్మానందం, అలీ జంట మాత్రం పాత్రలకు అచ్చుగుద్దినట్టు అతికింది. వాళ్ల విషయంలో ఫిర్యాదు చెయ్యడం అన్యాయం.

తారలు చెప్పే పాత్రలు నాలుగైదే. మిగిలిన హైనాలు, కొంగలు, గుంపు గొంతులు వృత్తివాళ్లవే. డబ్బూ పేరూ మాత్రం ఆ నాలుగైదింటి దగ్గరే ఆగిపోతాయి.

బతుకుతెరువు

నెల జీతం ఉండదు. పాత్రకో, ఎపిసోడ్‌కో, కాల్షీటుకో లెక్క. ఒక నెల నిండా పని, మరో నెల ఫోను మోగదు. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లు సీరియళ్లకు, ప్రకటనలకు, డాక్యుమెంటరీలకు, ఆడియో పుస్తకాలకు, కంపెనీల ఫోన్ ప్రకటనలకు కూడా గొంతిస్తారు. కార్టూన్ వాటిలో ఒకటి మాత్రమే.

పని హైదరాబాదులో, కొంత చెన్నైలో, కార్పొరేట్ ఛానళ్ల పని ముంబయిలో. విజయనగరంలో రైలెక్కి, మర్నాడు హైదరాబాదులో దిగి, పది నిమిషాల ఆడిషన్ ఇచ్చి తిరిగి రావడం ఖర్చుతో కూడిన పందెం. అక్కడే గది తీసుకుని ఉందామంటే మొదటి పాత్ర దొరికేదాకా అద్దె ఎవరు కడతారన్న ప్రశ్న. ఇంటి దగ్గరే రికార్డు చేసి పంపే పద్ధతి కరోనా తర్వాత పెరిగింది. మంచి మైకు, గోడలకు బొంతలు, ఫ్యాను ఆపిన గది ఉంటే చాలంటారు. వైశాఖంలో తలుపులు బిగించుకుని ఫ్యాను ఆపి అరగంట అరిచి చూస్తే ఆ ‘చాలు’ ఎంతో తెలుస్తుంది. కార్తీక మాసంలో, నవమి ఉత్సవాల్లో రామతీర్థంలో గుడి మైకు పగలంతా మోగుతుంది. అప్పుడు రికార్డింగ్ అర్ధరాత్రికి వాయిదా.

నేర్చుకునే చోట్లు లేకపోలేదు. 1963లో మొదలైన విశాఖ ఆకాశవాణి కేంద్రంలో నాటక ఆడిషన్ నెగ్గితే మైకు ముందు నిలబడటం, కాగితం చప్పుడు కాకుండా చదవడం, ఊపిరి దాచడం వస్తాయి. నేరెళ్ల వేణుమాధవ్ (1932–2018) ధ్వన్యనుకరణకు తెచ్చిన గౌరవం వల్ల తెలుగు విశ్వవిద్యాలయంలో మిమిక్రీ కోర్సు ఏర్పడింది. అయితే మిమిక్రీ వేరు, కార్టూన్ గొంతు వేరు. ఎన్టీఆర్‌లా మాట్లాడటం ఒక నిమిషం చప్పట్లు తెస్తుంది. ఎవరిలాగా లేని ఒక ఉడతను సృష్టించి వంద ఎపిసోడ్లు అదే గొంతును నిలబెట్టడం అందుకు పూర్తిగా భిన్నమైన శ్రమ.

సంఘం కార్డు మరో మెట్టు. సభ్యత్వం లేనివాళ్లకు సినిమా డబ్బింగు దొరకడం కష్టం. ‘ఏ మాయ చేసావె’లో సమంతకు గొంతిచ్చి నంది అవార్డు పొందిన చిన్మయిని 2018లో చెన్నై సంఘం చందా కట్టలేదన్న కారణంతో తొలగించింది. తాను లైంగిక వేధింపుల గురించి బయటకు మాట్లాడినందుకే ఇలా చేశారని ఆమె ఆరోపించారు. అంత పేరున్న గొంతుకే ఇలా జరిగితే కొత్తవాళ్లు సంఘం గుమ్మం దగ్గర ఎంత జంకుతారో అర్థం చేసుకోవచ్చు.

పేరు, హక్కు, యంత్రం

1940ల్లో బగ్స్ బన్నీ గొంతు మెల్ బ్లాంక్ జీతం పెంచమని అడిగితే నిర్మాత పెంచలేదట, బదులుగా తెర మీద పేరు వేశాడట. ఆ పేరే తర్వాత ఆయనకు రేడియోలో పని తెచ్చిపెట్టింది. మన కార్టూన్లలో చివరి పేర్ల వరస తరచూ కోతకు గురవుతుంది, ప్రకటన టైము మిగలాలి గదా.

పేరు మర్యాదకు మించిన విషయమని మన చట్టమే చెబుతోంది. 1957 కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రదర్శకుడికి తన ప్రదర్శనకు తానే కర్తనని చెప్పుకునే నైతిక హక్కునిచ్చింది, వాణిజ్యపరంగా వాడుకుంటే రాయల్టీకి దారి చూపింది. ప్రదర్శకుడి హక్కు 50 ఏళ్లు ఉంటుంది. కానీ అదే చట్టంలో ఒక మెలిక ఉంది. సినిమాలో పాత్ర యాదృచ్ఛికమైనదై, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం పేర్లలో ఎక్కడా చూపించని మనిషైతే, చాలా హక్కుల విషయంలో అతన్ని ప్రదర్శకుడిగానే లెక్కించరు. తన ప్రదర్శనను వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కు మాత్రం మిగులుతుంది. గుంపు గొంతులు, చిన్న పాత్రలు చెప్పేవాళ్లు ఈ సందులోనే జారిపోతారు.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చి ఈ సందును పెద్దది చేసింది. కొద్దిపాటి రికార్డింగు ఉంటే మనిషి గొంతును యంత్రం అనుకరిస్తోంది. అమెరికాలో 2023లో నటుల సంఘం చేసిన 118 రోజుల సమ్మెలో ఇది ఒక ప్రధాన అంశం. మనదేశంలో 2024 జులైలో బొంబాయి హైకోర్టు గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును అనుమతి లేకుండా యంత్రంతో అనుకరించడాన్ని ఆపుతూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ రక్షణ పేరున్న గొంతుకు దక్కింది. పేరే లేని గొంతు తనదని నిరూపించుకోవడానికి కోర్టు ముందు ఏం చూపిస్తుంది?

కాబట్టి ఈ పనిలోకి వచ్చేవాళ్లు పారితోషికం మాట్లాడుకునే రోజే రెండు వాక్యాలు కాగితం మీద రాయించుకోవాలి. తమ పేరు ఎక్కడ, ఏ అక్షరాలతో పడుతుందన్నది ఒకటి, ఈ రికార్డింగును యంత్రానికి నేర్పడానికి వాడరన్నది రెండోది. ఇవి రాయడానికి ఇష్టపడని కాగితం మీద సంతకం పెట్టకండి.